సంచిలో ఇమిడెడి రాచెట్ స్క్రూడ్రైవరు

స్క్రూడ్రైవరును గూర్చి ఒక ప్రసంగమా యని శ్రోతలలో కొందరు ఆశ్చర్యపడవచ్చును. గరిటెను గాని కత్తెరను గాని కొనునపుడు మనము ఎవరి సలహాను అడుగుట లేదు. అయితే గరిటె సరిపడనిదైనంత మాత్రమున కూర చెడదు. స్క్రూడ్రైవరు సరిపడనిదైనచో స్క్రూ తల చెడును. తల అరిగిన స్క్రూ ఏ మిక్సీ అడుగుననో, నీళ్ల మోటారు మూతలోనో, రేడియో వెనుకనో చిక్కుకొన్నదేని, ఇంటిలోనే పది నిమిషములలో ముగియవలసిన పని దుకాణమునకు మోసికొనిపోవలసిన పనియగును. అచ్చటనైనను ఆ తలను డ్రిల్లుతో తొలచివేయుట తప్ప తరచుగా వేరు మార్గముండదు.

నేడు ఇనుపసామాను అంగళ్లలో అరచేతిలో ఇమిడెడి పొట్టి పిడియు, దానికి మార్చి మార్చి తగిలించుకొనుటకు పదియో ముప్పదియో బిట్లును గల చిన్న పెట్టెలు విరివిగా దొరకుచున్నవి. ఆ పిడిలో రాచెట్ అను అమరిక ఉండును. స్కూటరు పెట్టెలో వేసికొనుటకును, ప్రయాణపు సంచిలో ఉంచుకొనుటకును, పండుగకు స్వగ్రామమునకు పోయినపుడు అచ్చటి పాతయింటి చిల్లర మరమ్మతులకును ఇంతకంటె అనువైన పనిముట్టు అరుదు. చూచుటకు ఈ పెట్టెలన్నియు ఒకటిగనే యుండును. పనిలోనికి దిగినపుడే వాని భేదము తెలియును.

కొనుటకు అంగడికి పోవుటకు పూర్వము చేయదగిన పని యొకటి కలదు. ఒక సాయంకాలము తీరికగా ఇల్లంతయు తిరిగి, ఎచ్చట ఏ విధమైన స్క్రూలున్నవో చూచుకొనవలెను. స్విచ్చిబోర్డులు, తలుపు బందులు, కుక్కరు పిడి, ఫ్యాను, కుట్టుమిషను, పిల్లల సైకిలు, రేడియో — వీనిని చూచినంతనే మనకు కావలసిన బిట్లు ఇరువది ముప్పదియు గావనియు, ఎనిమిదియో పదియో మాత్రమే యనియు తెలియును. వంద బిట్ల పెట్టె కొన్నవారు సాధారణముగా అందులో ఆరింటిని అరగదీసి, తొంబదినాలుగింటిని తుప్పు పట్టించుచుందురు.

స్క్రూ తలల సంగతి కొంచెము తెలిసికొనుట మంచిది. మన అంగళ్లలో 'స్టార్' అని అడిగినచో కూడికగుర్తు వంటి గాడికి సరిపడు నాలుగంచుల మొననే యిత్తురు. దీనికి అసలు పేరు ఫిలిప్స్. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రమునందలి పోర్ట్‌లాండ్ నగరవాసి హెన్రీ ఫిలిప్స్ 1936లో దీనికి పేటెంట్లు పొందెను; మోటారు కార్ల కర్మాగారములు వెంటనే దీనిని ఆదరించినవి. బిట్టుపై 'పీహెచ్' అను అక్షరములును, ప్రక్కన 0 మొదలు 3 వరకు ఒక అంకెయు ఉండును. ఇంటిలోని స్క్రూలలో అధికభాగమునకు పీహెచ్ 2 సరిపడును. చిన్న రేడియోలకును బొమ్మలకును 1 గాని 0 గాని కావలెను. ఇచ్చట జరుగు పొరపాటు ఏమనగా, 2 ఉండవలసిన చోట 1 పెట్టినను అది గాడిలోనికి దిగును, కొంత తిరుగును గూడ. కాని దాని అంచులు గాడి గోడలను నిండుగా తాకవు. అడుగున మాత్రమే ఆని యుండును. బలము చేయగానే జారి, గాడిని గుండ్రముగా చెక్కివేయును. దిగినంత మాత్రమున సరిపడినట్లు కాదు. బిట్టును గాడిలో నిలిపి వ్రేళ్లతో అటునిటు కదల్చినపుడు ఊగులాట లేకుండవలెను.

ఫిలిప్స్ మొన అంచులు ఏటవాలుగా నుండును. అందుచేత గట్టిగా త్రిప్పినకొలది మొన గాడిలోనుండి పైకెగబ్రాకును. త్రిప్పుటతో పాటు క్రిందికి నొక్కవలసిన అవసరము దీని వలననే. ఈ లోపమును తగ్గించుటకు ఏర్పడినది పోజిడ్రైవ్. దాని తలమీద కూడికగుర్తుతో పాటు మధ్యమధ్య నాలుగు సన్నని గీతలు కనబడును; బిట్టుపై 'పీజడ్' అని యుండును. విడిభాగములుగా వచ్చి ఇంటివద్ద బిగించుకొను అలమరలలోను, వాని తలుపు బందులలోను ఇది విస్తారముగా కనబడుచున్నది. దీనికి ఫిలిప్స్ మొన పెట్టినను తిరిగినట్లే యుండి రెండును చెడును. ఇక ఆరు రేకుల నక్షత్రమువంటి టార్క్స్ తల 1967లో క్యామ్‌కార్ అను అమెరికా కంపెనీ కల్పించినది. దాని గోడలు నిటారుగా నుండుటచే మొన పైకి లేవదు. నిజమైన స్టార్ ఇదియే గాని, అంగడిలో ఆ పేరు ముందే మరియొకరికి పోయినది. అచ్చట 'టార్క్స్' అనియే అడుగవలెను. 10, 15, 20 సంఖ్యలవి ఉన్నచో గృహమునకు చాలును. జపాను పద్ధతిని అనుసరించి చేసిన యంత్రములలో కొన్నింటి తలలమీద చిన్న చుక్క కానవచ్చును. అవి ఫిలిప్స్ వలె కనబడును గాని, గాడి కొలత కొంచెము వేరు. మోటారు సైకిలు ఇంజనుపై అట్టి స్క్రూ కనబడినపుడు తొందరపడరాదు.

ఒంటిగాడి స్క్రూ అన్నిటికంటె పాతది, నేటికిని స్విచ్చులలోను హోల్డర్లలోను ఉన్నది. దానికి బిట్టు వెడల్పు గాడి పొడవునకు సమానముగా నుండుటయే లక్షణము. నాలుగు, ఆరు మిల్లీమీటర్ల వెడల్పు గలవి రెండుండిన చాలును. సైకిలు హ్యాండిలుకును, బిగించుకొను బల్లలకును అలెన్ బిట్లు 3, 4, 5 మిల్లీమీటర్లవి చేర్చుకొనవలెను.

ఈ బిట్ల కాడ ఆరు పలకలుగా నుండును. ఎదురెదురు పలకల మధ్య దూరము 6.35 మిల్లీమీటర్లు, అనగా సరిగా పావు అంగుళము. ప్రపంచమున ఏ దేశపు బిట్టైనను ఈ కొలతదైనచో ఏ దేశపు పిడిలోనైనను ఇమిడిపోవును. కావున పిడి కొనునపుడు ఈ కొలతదియే కొనుట వివేకము. మొన అరిగినపుడు ఆ ఒక్క బిట్టునే మార్చుకొనవచ్చును. కళ్లజోడు, చేతిఫోను మొదలగు మిక్కిలి చిన్న పనులకు 4 మిల్లీమీటర్ల కాడ గల వేరొక తరగతి కలదు. ఆ పనికి రాచెట్ అవసరము లేదు. అది వేరు సంచిలో ఉండదగినది.

బిట్టు పొడవును గూర్చి అమ్మువారు చెప్పని మాట యొకటి ఉన్నది. పెట్టెలలో వచ్చునవి సాధారణముగా 25 మిల్లీమీటర్ల పొట్టి బిట్లు. వానిని పట్టియుంచు పిడి మెడ లావుగా నుండును. ఇపుడు మిక్సీని తలక్రిందుగా నిలిపి చూడుడు. దాని స్క్రూలు పైకి కనబడవు. వ్రేలు దూరని సన్నని బావివంటి రంధ్రముల అడుగున ఉండును. రేడియో పెట్టెల వెనుకభాగమును ఇట్లే. బిట్టు లోనికి పోవును గాని, దాని వెనుకనున్న లావైన మెడ రంధ్రపు అంచున తగిలి ఆగిపోవును. మొన స్క్రూను చేరదు. పొడిగింపు కడ్డీ ఉన్నదిగదా యని కొందరు తృప్తిపడుదురు. దాని చివర గూడ అదే లావు గల గూడు ఉండును గనుక అదియు లోనికి పోదు. దీనికి తగిన ఉపాయము 50 గాని 75 గాని మిల్లీమీటర్ల పొడవు గల పీహెచ్ 1, పీహెచ్ 2 బిట్లు రెండు విడిగా కొనుటయే. ఈ రెండు బిట్లు లేని పెట్టెతో మిక్సీ విప్పబూనినవారు సగములో ఆగుదురు.

ఇక రాచెట్. సైకిలు వెనుక చక్రమునందలి ఫ్రీవీలును ఎరుగనివారుండరు. పెడలు ముందునకు త్రొక్కినపుడు చక్రమునకు బలము అందును; త్రొక్కుట మానినపుడు చక్రము తన దారిని తాను తిరుగుచు టిక్కు టిక్కుమని చప్పుడు చేయును. లోపల రంపపు పండ్ల వంటి దంతములమీద జారెడి చిన్న ఉక్కునాలుకల చప్పుడది. ఒక వైపు తిరిగినపుడు నాలుక దంతమునకు అడ్డుపడి బలమును అందించును. రెండవ వైపు తిరిగినపుడు దంతపు వాలుమీద జారి తప్పుకొనును. గోడగడియారమునకు కీ యిచ్చునపుడు వినవచ్చు చప్పుడును ఈ జాతిదే. స్క్రూడ్రైవరు పిడిలో ఇది యుండుటచే, మణికట్టును ముందునకు త్రిప్పి, పట్టు విడువకయే వెనుకకు తెచ్చి, మరల ముందునకు త్రిప్పవచ్చును. బిట్టు గాడిలోనుండి లేవనక్కరలేదు. గాడినుండి లేచి మరల కూర్చొను ప్రతి పర్యాయమును తల అరుగుటకు ఒక అవకాశమే గనుక, రాచెట్ వలని లాభము మణికట్టు విశ్రాంతి మాత్రమే కాదు.

ఊహ పాతదే. ఫిలడెల్ఫియా నగరమునందలి నార్త్ బ్రదర్స్ కంపెనీవారు 'యాంకీ' అను పేర అమ్మిన రాచెట్ స్క్రూడ్రైవర్లు ఒక కాలమున వడ్రంగుల చేతులలో మిక్కిలి ప్రసిద్ధము. పిడిని క్రిందికి నొక్కినచో మెలిగాడుల కడ్డీ తనంత తాను తిరిగెడిది. 1946లో ఆ కంపెనీని స్టాన్లీవారు కొనిరి. వానిలో పెద్దవి మూరెడు పొడవుండెడివి; సంచిలో పట్టెడివి కావు.

దంతముల సంఖ్యను పెట్టెపై పెద్ద అక్షరములతో ముద్రింతురు. దాని లెక్క సులభము. ఒక చుట్టునకు 360 డిగ్రీలు. దంతములు 24 ఉన్నచో, మరుసటి దంతము పట్టుటకు పిడిని 15 డిగ్రీలు వెనుకకు త్రిప్పవలెను; 36 ఉన్నచో 10; 72 ఉన్నచో 5. గోడకును అలమరకును నడుమ చేయి ఇరుకున పడినపుడు ఈ భేదము తెలియును. అంతమాత్రమున హెచ్చు సంఖ్యయే హెచ్చు మేలనుకొనరాదు. చక్రము చిన్నదిగనే యుండగా దంతములు పెరిగినచో ఒక్కొక్కటి సన్నబడును. సన్నని దంతము బలమును ఓర్చుకొనవలెనన్న ఉక్కును, తయారీయును మేలైనవి కావలెను. చౌకరకపు 72 దంతములకంటె గట్టి 36 దంతములే నాకు నమ్మదగినవిగా తోచుచున్నవి. దంతములు లేకుండ చిన్న రోలర్లు ఇరుకుకొని పట్టునట్లు చేసినవియు కలవు. అవి చప్పుడు చేయవు. ఎంత స్వల్పపు కదలికకైనను పట్టును. వెల మాత్రము అధికము.

దంతముల సంఖ్యకంటె ముఖ్యమై, ఏ పెట్టెమీదను కానరాని గుణమొకటి కలదు. నాలుకను దంతములపైకి నొక్కి యుంచుటకు లోపల సన్నని స్ప్రింగు ఉండును. పిడిని వెనుకకు త్రిప్పునపుడు నాలుక జారుటకు కొంత బలము అవసరము. ఆ బలమునకు ఎదురు నిలువవలసినది స్క్రూయే. స్క్రూ బిగువుగా నున్నంతసేపు నిలుచును. కాని ఇపుడే రంధ్రమున నిలిపిన స్క్రూ గాని, సగము ఊడి వదులైన స్క్రూ గాని నిలువజాలదు. పిడితో పాటు అదియును వెనుకకు తిరుగును. ముందునకు పోయినంత వెనుకకు వచ్చుచుండును. టిక్కు టిక్కుమని చప్పుడును ఉండదు, పనియు సాగదు. ఎడమచేతి వ్రేళ్లతో బిట్టు మెడను పట్టుకొనుట తప్ప గతిలేదు. ఇందుకొరకే కొన్నింటికి మెడచుట్టు గరుకు వలయము అమర్చుదురు. ఎత్తున నిలిచి ఒక చేతితో దీపపు గిన్నెను పట్టుకొని యున్నవానికి రెండవ చేయి ఎచ్చటినుండి వచ్చును? స్ప్రింగు మెత్తగను, నాలుక నునుపుగను ఉన్న రాచెట్ ఎంత వదులు స్క్రూనైనను కదల్పక వెనుకకు జారును. ధరలో భేదమునకు ముఖ్యకారణములలో ఇదియొకటి.

రాచెట్‌కు మూడు స్థానములు ఉండవలెను: బిగించుటకు ఒకటి, విప్పుటకు ఒకటి, రెండు వైపులను కట్టివేయుటకు నడుమ ఒకటి. ఈ మూడవది లేనివి చౌకగా దొరకును, తీసికొనరాదు. ప్లాస్టిక్ పెట్టెలోనికి నేరుగా దిగు స్క్రూలను తీసి మరల పెట్టునపుడు దీని ప్రయోజనము తెలియును. అట్టి స్క్రూను మొదట ఎడమవైపునకు మెల్లగా త్రిప్పవలెను. పాత మరలోనికి దిగిన క్షణమున అది 'టక్కు'మని కొంచెము క్రుంగును. అప్పుడు కుడివైపునకు త్రిప్పినచో పాతదారినే పోవును. అట్లు చేయనిచో క్రొత్త దారి చేసికొని ప్లాస్టిక్‌ను పొడిచేయును. రెండు మూడు సారులు ఇట్లు జరిగిన పిదప రేడియో మూత నిలువదు. ఆ సూక్ష్మమైన క్రుంగుటను వ్రేళ్లు గ్రహింపవలెనన్న రాచెట్‌ను కట్టివేసి యుంచవలెను.

పిడి ఆకారమును బట్టి ఈ పనిముట్లు రెండు మూడు విధములు. సామాన్య స్క్రూడ్రైవరు వలె నిటారుగా నుండునది ఒకటి. దాని పిడిలోపలనే కొన్ని బిట్లను దాచుకొనవచ్చును. చిన్న పానా వలె అడ్డముగా నుండునది రెండవది. దాని తలలో బిట్టు నిలువుగా కూర్చుండును. ఆంగ్లములోని టి అక్షరమువంటి పిడి గలవియు ఉన్నవి. వీనిలో అడ్డపిడి దానితో జాగ్రత్త అవసరము. దాని పిడి 9 సెంటీమీటర్లున్నదనుకొందము. చివర పది కిలోల బరువునకు సమానమైన బలముతో నొక్కినచో, స్క్రూపై పడు మెలిబలము 90 కిలో సెంటీమీటర్లు. నిటారు పిడి లావు 3 సెంటీమీటర్లైనచో దాని కేంద్రమునుండి అంచునకు ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే; అదే బలమునకు 15 కిలో సెంటీమీటర్లే వచ్చును. ఆరు రెట్ల భేదము. తుప్పుపట్టిన స్క్రూను కదల్చుటకును, బల్లక్రింది ఇరుకులో దూరుటకును అడ్డపిడికి సాటిలేదు. స్విచ్చిలోని సన్నని ఇత్తడి స్క్రూను దానితో బిగించినచో, మన చేతికి ఏమియు తెలియకయే మర తెగిపోవును. ఒక్కటే కొనవలసినచో నిటారు పిడినే ఎన్నుకొందును.

విద్యుత్తును గూర్చిన మాట దాటవేయదగినది కాదు. మన ఇండ్లలోని విద్యుత్తు 230 వోల్టులది. ఈ రాచెట్ పిడి ప్లాస్టిక్‌దియే యైనను, బిట్టును, దానిని పట్టియుంచు మెడయు బయటికి కనబడు ఉక్కు. వ్రేలు తగులుటకు వెంట్రుకవాసి దూరమే. కావున ఇది విద్యుత్తు ప్రవహించు చోట వాడదగిన పనిముట్టు ఎంతమాత్రమును కాదు. అట్టి పనికి మొన దాక కప్పు గల స్క్రూడ్రైవర్లు వేరుగా ఉన్నవి. వానిపై జంట త్రిభుజముల గుర్తును, 1000 వోల్టులను సంఖ్యయు ముద్రించియుండును. ఒక్కొక్కదానిని 10,000 వోల్టులతో పరీక్షించి బయటికి పంపుదురు. ఇంటి యజమాని చేయదగినది మాత్రము మెయిన్ ఆపివేసి, టెస్టరుతో చూచుకొని, ఆ తరువాతనే మూత విప్పుట. ఆ టెస్టరును సైతము విద్యుత్తున్న ఒక ప్లగ్గులో ముందు పరీక్షించుకొనవలెను. ఇన్వర్టరు గల యిండ్లలో మరియొక చిక్కు కలదు. మెయిన్ ఆపినంతనే ఇన్వర్టరు దానిని కరెంటు కోతగా భావించి తన విద్యుత్తును పంపును. ఫ్యానులు, దీపములు గల బోర్డులలో ప్రవాహము యథాప్రకారము ఉండును. దానిని గూడ ఆపివేయక బోర్డును తాకరాదు. నీళ్ల మోటారులోను, పాత వాల్వు రేడియోలోను ఉండు కెపాసిటర్లు విద్యుత్తు ఆపిన పిమ్మట సైతము కొంతసేపు తమలో నిలువయుంచుకొనును. పాత వాల్వు రేడియో లోపలిపని తెలిసినవారికి విడుచుటయే మేలు.

అంగడిలో చూడవలసినది కొంత ఉన్నది. జేబులో ఒక బోల్టును, దానికి తేలికగా తిరుగు నట్టును వేసికొని పోవలెను. బోల్టు తల మీ ఇంటి స్క్రూల వంటిదై యుండవలెను. నట్టును ఎడమచేత పట్టుకొని, బోల్టును ఒకటి రెండు చుట్లు మాత్రము ఎక్కించి, రాచెట్‌తో బిగించి చూడుడు. పిడి వెనుకకు వచ్చునపుడు బోల్టు కదలకున్నచో మంచి రాచెట్. కూడ తిరిగి వచ్చినచో దానిని అంగడివానికే యిచ్చివేయవచ్చును. తరువాత ఒక్క చుట్టులో ఎన్ని టిక్కులు వచ్చునో లెక్కించినచో దంతముల సంఖ్య నిజమో కాదో తెలియును. దిక్కు మార్చు మీట చెమట పట్టిన బొటనవ్రేలికి లొంగునా, పని నడుమ అరచేయి తగిలి తనంత తాను మారునా యని చూడవలెను. వేరొక కంపెనీ బిట్టును తగిలించి, పిడిని తలక్రిందుగా పట్టి విదల్చినపుడు ఊడిపడరాదు. మెడలో అయస్కాంతముండుట మంచిదే. పైకెత్తిన చేతినుండి స్క్రూ జారిపడదు. ఇత్తడి స్క్రూలయెడ, మేలురకపు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలయెడ అది పనిచేయదు.

బిట్లపై 'ఎస్ 2' అనియో, క్రోమ్ వెనేడియం అనియో వ్రాసియుండును. రెండును మిశ్రమలోహపు ఉక్కులు. మొదటిది బిట్లకు ఎక్కువ అనువైనది. ముద్ర ఉన్నంతనే లోపల ఆ ఉక్కే ఉన్నదని చెప్పజాలము. పీహెచ్ 2 మొన అంచులు చక్కగా, వాడిగా ఉన్నవో, పోతపోసిన బెల్లపుటచ్చు వలె మొద్దుగా ఉన్నవో కంటితోనే చూడవచ్చును. తక్కినవి ఎట్లున్నను ఆ ఒక్క బిట్టును మేలురకపుది విడిగా కొనుట లాభము. తొందరగా అరుగునదియు అదియే గనుక రెండు కొనుటయు దుబారా కాదు.

విమానమున పోవునపుడు ఈ పెట్టెను చేతిసంచిలో ఉంచక, అప్పగించు సామానులో వేయవలెను.

ఇంటికి తెచ్చిన తరువాత దీనికి కావలసిన సేవ స్వల్పము. విశాఖపట్నము, మచిలీపట్నము వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలికి బిట్లు త్వరగా తుప్పుపట్టును. నూనె రాచిన గుడ్డతో నెలకొకసారి తుడిచినచో చాలును. రాచెట్‌లోనికి సిమెంటు దుమ్ముగాని, రంపపు పొట్టుగాని చేరినచో నాలుక అంటుకొని, టిక్కు వినబడుట మానును. అప్పుడు దళసరి గ్రీజు కూరరాదు. అది నాలుకను మరింత బంధించును. మెడ సందులో కుట్టుమిషను నూనె ఒకటి రెండు చుక్కలు విడిచి, ఇరువైపులకును పదిసారులు త్రిప్పి, పైకివచ్చిన మురికిని తుడిచివేసినచో మరల పలుకును.